త్రీ నాట్ త్రీ: ఇరవై రెండేళ్లు భుజాన మోసినాక

మొన్న సంక్రాంతికి మా తమ్ముడి కొడుకు ఇంటికొచ్చాడు. కానిస్టేబుల్ పరీక్షకి చదువుతున్నాడు. గోడ మీద నా పాత ఫోటో చూసి, "పెదనాయనా, ఆ కర్ర తుపాకీతో ఏం చేసేవాళ్లు మీరు?" అని నవ్వాడు. కర్ర తుపాకీ అన్నందుకు చురుక్కుమంది గానీ, అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. నెల్లూరు జిల్లాలో 1984లో ఆర్ముడ్ రిజర్వులో (పోలీసుల సాయుధ విభాగం) చేరినప్పటి నుంచి ఇరవై రెండేళ్లు నా చేతికిచ్చింది త్రీ నాట్ త్రీనే, అంటే .303 అంగుళాల గుండు కాల్చే పాత బ్రిటిష్ రైఫిలు. ఆ తరవాత దానంతటదే రౌండు ఎక్కించుకునే ఎస్సెల్లార్, చివర్లో ఇన్సాస్ అనే కొత్త రైఫిలు కూడా మోశాను.

నా రైఫిలు బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీది. పిడి దగ్గర ఇనుము మీద కిరీటం ముద్ర, దాని కింద 1942. అంటే నాకంటే ఇరవై ఏళ్లు పెద్దది. ఆ నమూనా ఇంకా పాతది, బ్రిటిష్ సైన్యం 1907లో తీసుకున్నది. 113 సెంటీమీటర్ల పొడవు, ఇంచుమించు 4 కిలోల బరువు, పది రౌండ్ల (తూటాల) మ్యాగజైను. ఒక్కో గుండుకీ బోల్టు (రౌండుని లోపలికి తోసి గొట్టం వెనక మూసే ఇనుప కడ్డీ) ఎత్తి, లాగి, తోసి, దించాలి.

గురి విషయంలో వంక పెట్టలేను. బ్యాక్‌సైట్, అంటే దూరాన్ని బట్టి జరిపే గురిపట్టీ, 200 గజాల దగ్గర మొదలై 2000 గజాల దాకా పోతుంది. రెండు వేల గజాల్లో మనిషి కాదు కదా, తాటిచెట్టు కూడా నాకు సరిగా ఆనదు, అది వేరే సంగతి. కనీసం 200 కాబట్టి వంద గజాల టార్గెట్ మీద గుండు పైకి పోతుంది. నల్ల చుక్కకి అడుగున పట్టడం అలవాటైతే ఐదుకి ఐదూ అరచేతంత చోట పడేవి. మొదటి రోజు మాత్రం బట్టుకి (భుజానికి ఆనించే కర్ర భాగానికి) ఉన్న ఇత్తడి ప్లేటు భుజాన్ని చితక్కొడుతుంది. చొక్కా కింద తువ్వాలు మడిచి పెట్టుకున్న పిలకాయల్ని మా ఇన్‌స్ట్రక్టరు పట్టుకుని గ్రౌండు చుట్టూ పరిగెత్తించాడు. వాళ్లలో నేనూ ఉన్నా. ఫైరింగ్ అయ్యాక ఖాళీ కేసులు (పేలిన తూటాల ఇత్తడి గొట్టాలు) లెక్క తేలేదాకా గడ్డిలో మోకాళ్ల మీద పాకడం ఇంకో శిక్ష.

ఆ ఇత్తడి ప్లేటుకి చిన్న మూత ఉంటుంది. తెరిస్తే లోపల నూనె సీసా, పుల్ త్రూ తాడు. ఆ తాడుకి గుడ్డముక్క కట్టి బారెల్లోంచి లాగడమే ఇరవై రెండేళ్లూ నా సాయంకాలం పని. సముద్రం పక్క డ్యూటీ అయితే ఇక చెప్పక్కర్లేదు. మైపాడు వైపు బందోబస్తుకెళ్తే రెండో రోజుకే బోల్టు మీద ఎర్రటి పొడి. మన ఉప్పుగాలికి ఇనుప గేట్లే నిలవవు.

ఆ తుడిచే పనిలోనే ఒకసారి తప్పు చేశాను. నాలుగు రైఫిళ్ల బోల్టులు తీసి ఒకే గోనెపట్టా మీద పెట్టా, కబుర్లలో పడి పక్కవాడిది నాదానికి ఎక్కించా. చూడ్డానికి అన్నీ ఒకటే. కానీ ఈ రైఫిల్లో ఏ బోల్టు దానికే సరిచేసి ఉంటుంది, అందుకే హ్యాండిలు మీద రైఫిలు నంబరే కొడతారు. మారితే రౌండు వెనక ఖాళీ తేడా వచ్చి కేసు చీలొచ్చు, ఆ వేడి గ్యాసు తగిలేది కాల్చేవాడి మొహానికే. మర్నాడు రేంజికి పోయే ముందు నంబర్లు చూసిన మా హెడ్డు నన్ను ఏమన్నాడో ఇక్కడ రాయలేను.

"ఫ్రంటుకి వద్దులేగానీ గార్డు డ్యూటీకి ఇది చాలబ్బయా" అనే పాతవాళ్లున్నారు. ఆ మాట నేనొప్పుకోను. ఒక కార్తీక మాసం ముసురులో సబ్ ట్రెజరీ దగ్గర సెంట్రీ బీటులో ఉన్నా. రాత్రి రెండున్నరకి కాంపౌండు గోడ పక్కన తుప్పలు కదిలాయి. అరిచాను, జవాబు లేదు. బోల్టు తోస్తే సగంలో ఆగిపోయింది. ఈ రౌండుకి అడుగున అంచు ఉంటుంది. మ్యాగజైన్లో పై రౌండు అంచు కింది దాని అంచుకి ముందుండాలి. వెనక పడిందా, రెండూ కొక్కెం వేసుకుంటాయి. చీకట్లో చేత్తో ఒక్కోటీ నింపింది నేనే, తప్పు నాదే. తడి వేళ్లతో మ్యాగజైన్ ఊడదీసి మళ్లీ పెట్టేసరికి ఒక నిమిషం పట్టిందో రెండు పట్టాయో. తుప్పల్లోంచి బయటికొచ్చింది బర్రె. తీరిగ్గా నా ముందు నుంచే పోయింది. ఎస్సెల్లార్ రౌండుకి ఆ అంచు బయటికి పొడుచుకుని ఉండదు, ఇరవై రౌండ్లూ ఎలా నింపినా పోతాయి, ఒకటి పేలితే గ్యాసే బోల్టుని వెనక్కి నెడుతుంది, స్ప్రింగు రెండోదాన్ని లోపలికి తోస్తుంది. ఒంటరిగా నిలబడే సెంట్రీకి కావాల్సింది అదే.

అల్లరిమూక మీదికి తీసుకుపోవడమైతే మరీ తప్పు. ఈ గుండు ఒకడిలోంచి దూసుకుపోయి వెనక ఉన్న ఇంకొకడికి తగలగలదు. ఇదే రైఫిలు బారెల్ మార్చి 410 మస్కెట్ (గుండు అంతగా దూసుకుపోని తుపాకీ) చేసింది అందుకేగా.

ఈ రైఫిలుకి కాలం చెల్లిందని సైన్యానికి 1962లోనే తెలిసింది. చైనావాళ్ల ఆటోమేటిక్‌ల ముందు మనవాళ్లు కొండల మీద బోల్టులు లాగుతూ నిలబడ్డారు. ఆ యుద్ధం తరవాతే మనకి ఎస్సెల్లార్ వచ్చింది. పోలీసులకి మాత్రం ఆలస్యంగా చేరింది. 2008లో ముంబై స్టేషన్లో ఉగ్రవాదుల ఏకే రైఫిళ్ల ఎదుట కొందరు పోలీసుల చేతుల్లో ఉన్నది ఇంకా త్రీ నాట్ త్రీనే. ఆ రోజు టీవీ ముందు మా గార్డు రూములో ఎవరూ మాట్లాడలేదు. ఉత్తరప్రదేశ్ పోలీసులైతే 2020 రిపబ్లిక్ డే పరేడ్‌తో దీనికి వీడ్కోలు చెప్పారు.

దీని తరఫున చెప్పేదీ ఉంది. ఇసకలో పడ్డా, బురదలో పడ్డా దులిపి కాలిస్తే పేలుతుంది. ఇన్సాస్ ప్లాస్టిక్ మ్యాగజైన్ పగుళ్లు చూసినప్పుడల్లా ఈ ముసలిది గుర్తొచ్చేది. కానీ చివరి ఏళ్లలో రౌండ్లే ముసలివైపోయాయి. ఒకసారి రేంజిలో పదింటిలో మూడు పేలలేదు. పేలకపోతే గొట్టం టార్గెట్ వైపే ఉంచి కాసేపు ఆగి గానీ బోల్టు తెరవకూడదు, ఆలస్యంగా పేలే ప్రమాదముంది. ఆ కాసేపు ఎంత పొడుగ్గా ఉంటుందో వరసలో పడుకున్నవాళ్లకే తెలుసు.

అక్టోబరు 21న అమరవీరుల దినం పరేడ్‌లో గొట్టాలు కిందికి దించి తల వంచి నిలబడ్డప్పుడు మాత్రం నాకు ఆ కర్రబట్టే కావాలనిపించేది. 1959లో లడఖ్ హాట్ స్ప్రింగ్స్‌లో చనిపోయిన పదిమంది పోలీసుల కోసం మొదలైన దినం అది. ఇన్సాస్ పట్టుకుని నిలబడితే చేతిలో ఏదో పనిముట్టు ఉన్నట్టు ఉంటుంది.

మావాడికి ఇదంతా చెప్పాక, "అయితే మాకు అది ఇవ్వరుగా?" అన్నాడు. ఏదిచ్చినా తీసుకో, సంతకం పెట్టే ముందు నంబరు మాత్రం చూసుకో అన్నాను.