ఒక్క వరుస కనిపిస్తే చాలు: ఇమ్మర్సివ్ రీడర్‌తో ఆరు నెలలు

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. డిస్లెక్సియా, అంటే తెలివికి లోటు లేకపోయినా అక్షరాలు చదవడం కష్టమయ్యే ఇబ్బంది, ఉందని నిపుణురాలు పరీక్షించి చెప్పి ఏడాదిన్నర దాటింది. చదివి వినిపిస్తే కథలో ఎవరు ఎందుకు అబద్ధమాడారో కూడా విడమరిచి చెప్పగల పిల్లవాడు, అదే కథను తానే చదవవలసి వస్తే నాలుగు వరుసలకే నీరసించిపోయేవాడు. ఈ తేడా నిపుణులకు కొత్త కాదు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఆంగ్ల వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పద్నాలుగేళ్ల బాలుడొకడి గురించి రాస్తూ, బోధన అంతా నోటిమాటగానే సాగితే బడి మొత్తానికీ అతడే చురుకైనవాడయ్యేవాడని అతని ఉపాధ్యాయుడు అన్న మాటను నమోదు చేశాడు. అది చదివినప్పుడు నా కళ్ల ముందు మా వాడే మెదిలాడు. తెర మీది పాఠాన్ని చదవడానికి తేలికగా మార్చి, కావాలంటే చదివి వినిపించే సాధనం, మైక్రోసాఫ్ట్ వారి ఇమ్మర్సివ్ రీడర్‌ను ఆరు నెలలుగా వాడుతున్నాము. ఆ తేడాను అది ఎంతవరకు తగ్గించగలిగిందన్నదే ఇక్కడ నా కొలబద్ద.

ఇది విడిగా కొనుక్కునే యాప్ కాదు. వర్డ్, వన్‌నోట్, టీమ్స్ వంటి వాటిలోనూ, ఎడ్జ్ బ్రౌజర్‌లోనూ ముందే అమర్చి ఉంటుంది. బ్రౌజర్‌లో ఏదైనా వ్యాసం తెరిచి ఎఫ్9 మీట నొక్కితే ప్రకటనలు, పక్కనుండే బొమ్మలు తొలగిపోయి పాఠం ఒక్కటే మిగులుతుంది. బ్రౌజర్‌లో దీనికి ప్రత్యేకంగా రుసుము లేదు.

మాకు అన్నిటికన్నా ఎక్కువగా ఉపకరించినవి ఏ హంగూ లేని రెండు సదుపాయాలు. మొదటిది లైన్ ఫోకస్. తెర మీద ఒక వరుసను గానీ, మూడు గానీ, ఐదు గానీ వెలుగులో ఉంచి మిగిలిన పాఠాన్ని మసకబరుస్తుంది. వరుస చివరికి వచ్చాక కింది వరుస మొదలు ఎక్కడుందో వెతుక్కోవడంలోనే మా అబ్బాయి ఓపిక సగం కరిగిపోయేదని, అది తప్పిన తరువాతే నాకు అర్థమైంది. రెండవది అక్షరాల మధ్య ఎడం పెంచే ఏర్పాటు. పక్కపక్క అక్షరాలు కిక్కిరిసి ఉంటే ఒకదాన్ని గుర్తించడానికి మరొకటి అడ్డుపడుతుంది. డిస్లెక్సియా ఉన్నవారిలో ఈ ఇబ్బంది మరింత ఎక్కువగా కనిపిస్తుంది. ఇటాలియన్, ఫ్రెంచ్ చదివే 74 మంది డిస్లెక్సియా పిల్లలతో జరిగి 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఏ ముందస్తు శిక్షణా లేకుండా కేవలం ఎడం పెంచినందుకే తప్పులు తగ్గి వేగం పెరిగింది. మా ఇంట్లో నేను లెక్కలు కట్టలేదు గానీ, ఇంగ్లీషులో ‘వాజ్’ (was) అన్న మాటను ‘సా’ (saw) అని చదివి, వాక్యం పొసగక వెనక్కి వెళ్లడం స్పష్టంగా తగ్గింది.

చదివి వినిపించే గొంతు గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది తల్లిదండ్రులు దీన్ని వెతుక్కునేది ఆ గొంతు కోసమే. వేగాన్ని మనకు కావలసినట్టు తగ్గించుకోవచ్చు. పలుకుతున్న మాట తెర మీద అప్పటికప్పుడు వెలుగుతుంది గనుక చెవి విన్నదాన్ని కన్ను అనుసరించగలదు. సామాన్యశాస్త్రం పాఠాల వంటివి, అంటే విషయం తెలుసుకోవడమే ముఖ్యమైనవి, మేము మొదటినుంచే గొంతుతో మొదలుపెడతాము. అక్షరాలు కూడబలుక్కోలేనంత మాత్రాన పిల్లవాడికి కిరణజన్య సంయోగక్రియ తెలియకుండా పోవడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. కథల విషయంలో మాత్రం వరస మార్చాము. ముందు గొంతు ఆపి, ఒక్క వరుస చొప్పున తనే చదువుతాడు, నేను పక్కన కూర్చుంటాను. పేరా పూర్తయ్యాక అదే పేరాను గొంతుతో వింటూ తాను ఎక్కడ తడబడ్డాడో తనే పట్టుకుంటాడు. గొంతును అదే పనిగా నడవనిస్తే, రెండు నిమిషాల్లో అతని చూపు కిటికీ మీదికి పోయేది. అప్పుడది వినడమే అవుతుంది గానీ చదవడం కాదు.

పొడవైన మాటలను చుక్కలతో విడగొట్టి చూపే సిలబుల్స్ మీట, నాలుగైదు ముక్కలున్న మాటలకు చాలా పనికొస్తుంది. చిన్న మాటలకు ఆపేయడమే మేలు. నామవాచకాలకు, క్రియలకు వేరువేరు రంగులు వేసే సదుపాయం వ్యాకరణ పాఠానికి బాగుంటుంది, చదివేటప్పుడు వద్దు. బొమ్మల నిఘంటువు చెట్టు, వంతెన వంటి వాటికి సరే. ‘అయినప్పటికీ’ లాంటి మాటకు ఏ బొమ్మ సరిపోతుంది? డిస్లెక్సియా కోసమే రూపొందించిన అక్షరశైలులు కూడా వాడాలా అని అడిగేవారికి ఒక మాట: 2011లో వచ్చిన ఓపెన్‌డిస్లెక్సిక్ మీద జరిగిన పరీక్షల్లో వేగం గానీ కచ్చితత్వం గానీ మెరుగుపడినట్లు కనబడలేదు. పిల్లలకు నచ్చితే వాడవచ్చు, అంతకుమించి ఆశించకూడదు.

ఈ సాధనం చదవడం నేర్పదు. డిస్లెక్సియాకు మూలం కళ్లలో లేదు, మాటలోని ధ్వనులను విడదీసి వాటిని అక్షరాలతో ముడిపెట్టడంలో ఉంది. దానికి ధ్వనుల నుంచి మొదలుపెట్టి ఒక క్రమంలో నేర్పే ఉపాధ్యాయులే కావాలి. వారానికి మూడు రోజులు ఆ తరగతి ఇప్పటికీ సాగుతోంది. ఇంతకుముందు డబ్బు కట్టి తెచ్చుకున్న ఒక ఆట యాప్ ఆ అవసరమే ఉండదన్నట్టు చెప్పుకుంది. మా వాడు బొమ్మ చూసి మాట ఊహించి నక్షత్రాలు గెలుచుకోవడం తప్ప దానిలో ఏమీ నేర్చుకోలేదు. అచ్చు పుస్తకాల విషయంలో మాత్రం ఇంకొక శ్రమ ఉంది: పేజీని ఫొటో తీసి, అక్షరాలుగా మార్చుకుని, ఆ తరువాతే దీనిలో తెరవాలి. మార్పిడిలో దొర్లిన తప్పులను పెద్దవారు ముందుగా సరిదిద్దకపోతే, పిల్లలు ఆ తప్పును కూడా తమదే అనుకుంటారు. అందుకే రేపటి పాఠాన్ని నేను ఈ రాత్రే ఒకసారి చదివి సరిచూసి పెడతాను. పోయిన నెల నుంచి ఒక వరుస బదులు మూడు వరుసలు పెట్టమని తనే అడుగుతున్నాడు.