ఎవరి జాబు ముందు: ఐబీఎం వర్క్‌లోడ్ షెడ్యూలర్‌లో ప్రాధాన్యాల అమరిక

పలు సంస్థల రాత్రి బ్యాచ్ పనులను, అంటే మనిషి జోక్యం లేకుండా కంప్యూటర్లు వరుసగా చేసుకుపోయే పనులను, ఒకే చోటు నుంచి నడిపించే బృందంలో ఏళ్ల తరబడి షిఫ్టులు చేసినవాడిని. అలాంటి పనులను వేళకు మొదలుపెట్టించే సాఫ్ట్‌వేర్ ఐబీఎం వర్క్‌లోడ్ షెడ్యూలర్‌ను ఇక్కడ ఒక్క కోణం నుంచే సమీక్షిస్తున్నాను: ఒకే సర్వరు ముందు అందరి జాబులూ (ఒక్కో పనిని ఇందులో జాబు అంటారు) వరుసకట్టినప్పుడు ఎవరిది ముందు కదలాలో ఇది ఎలా తేలుస్తుంది, ఆ తీర్పును మనం ఎంతవరకు నమ్ముకోవచ్చు. యూనిసన్ సంస్థ రూపొందించిన మేస్ట్రోగా మొదలై, 1997లో టివోలీ ద్వారా ఐబీఎం గూటికి చేరిన ఈ సాఫ్ట్‌వేర్ అభివృద్ధిలో 2016 నుంచి హెచ్‌సీఎల్ కూడా భాగస్వామిగా ఉంది. ఇన్ని చేతులు మారినా ప్రాధాన్యాల పద్ధతి మాత్రం పాతకాలపు నిక్కచ్చితనాన్ని వదులుకోలేదు, అది నాకు నచ్చిన సంగతి.

ప్రతి జాబుకూ, కొన్ని జాబులను ఒక గుంపుగా కూర్చిన జాబ్ స్ట్రీముకూ 0 నుంచి 99 వరకు ఒక అంకె ఇవ్వవచ్చు. ఏమీ ఇవ్వకపోతే 10గా తీసుకుంటుంది. ఆపైన ‘హై’ అంటే 100, ‘గో’ అంటే 101. పెద్ద అంకె ఉన్నది ముందు వెళ్తుంది, 0 ఉన్న జాబు అసలు మొదలే కాదు. ఇలాంటిదే మరో షెడ్యూలర్ అయిన ఆటోసిస్‌కు అలవాటుపడినవారు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి, ఎందుకంటే అక్కడ చిన్న అంకెకే పెద్దపీట, 0 అంటే యంత్రం మీద ఎంత భారం ఉన్నా వెంటనే మొదలుపెట్టమని అర్థం. అక్కడి అంకెలను యథాతథంగా ఇక్కడికి తెచ్చుకుంటే అన్నిటికన్నా అత్యవసరమైన జాబులే కదలకుండా కూర్చుంటాయి.

అంకె ఇచ్చినంత మాత్రాన పని ముందుకు జరగదన్నది కొత్తవారికి ఆలస్యంగా అర్థమవుతుంది. ముందు జరగాల్సిన జాబులు ముగిసి, ఎదురుచూస్తున్న ఫైలు వచ్చి, చెప్పిన సమయం దాటి, జాబు సిద్ధమైన తరువాతే ప్రాధాన్యం లెక్కకు వస్తుంది. అప్పుడు కూడా మొదట స్ట్రీముల అంకెలను, ఆ తరువాత వాటిలోని జాబుల అంకెలను చూస్తుంది. ఇక యంత్రానికి ఏకకాలంలో ఎన్ని జాబులు నడపవచ్చో చెప్పే ‘లిమిట్’ 20 అని పెట్టి, అక్కడ ఎన్నడూ పన్నెండుకు మించి జాబులు చేరకపోతే, 90 అంకె ఉన్న జాబూ 10 అంకె ఉన్న జాబూ ఒకేసారి మొదలవుతాయి. కొరత ఉన్నచోటే ప్రాధాన్యానికి విలువ, కాబట్టి అంకెల మీద చర్చ మొదలుపెట్టే ముందు లిమిట్‌ను సరిచూసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

హై, గో జాబులకు ఆ లిమిట్ కూడా అడ్డు కాదు. లిమిట్‌ను 0 చేసినా అవి నడుస్తాయి. అత్యవసరానికి ఇది గొప్ప వెసులుబాటే గానీ, చేతికి అందుబాటులో ఉన్నదల్లా వాడే అలవాటు ఎంత ప్రమాదమో ఒక నెలాఖరు రాత్రి మాకు తెలిసివచ్చింది. ఒక క్లయింట్ కోరిక మేరకు మా బృందమే వారి ముగింపు లెక్కల జాబులన్నిటికీ హై పెట్టింది. నలభైకి పైగా జాబులు లిమిట్‌ను దాటుకుని ఒకేసారి లేచేసరికి, అదే సర్వరు మీద ఉన్న మరో ఇద్దరి జాబులతో పాటు, ఏ క్లయింట్ కోసం ఈ ఏర్పాటంతా చేశామో వారి జాబులు కూడా నత్తనడకన సాగాయి. అప్పటి నుంచి కొత్త జాబుకు హై అడిగే ప్రతి టికెట్‌నూ (అభ్యర్థననూ) నేను స్వయంగా చదివి, కారణం లేకపోతే వెనక్కి పంపుతున్నాను.

ఇక్కడే ఈ ఉత్పత్తిలో నాకు వెలితిగా కనిపించే విషయం చెప్పాలి. ఫలానా క్లయింట్ పనులన్నీ ముందు అని ఒకే చోట రాయడానికి విడిగా గడి లేదు. మేము ప్రతి క్లయింట్‌కూ ఒక రిసోర్సును, అంటే జాబులు నడిచేటప్పుడు వాడుకునే యూనిట్ల కోటాను, సృష్టించి, దానికి ఆరో, ఎనిమిదో యూనిట్లు కేటాయించి, వారి ప్రతి జాబూ అందులో ఒక యూనిట్ తీసుకునేలా రాసుకున్నాం. ఒకరి రద్దీ మరొకరి మీద పడకుండా ఇది చక్కగా కాపాడుతుంది. అయితే ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే, వరుసలో ముందుకు తెచ్చే శక్తి దానికి లేదు. ఆ శక్తి కోసం స్ట్రీముల అంకెలను క్లయింట్ల వారీగా పట్టిక వేసుకుని పాటించాల్సిందే.

గడువు ఉన్న పనుల విషయంలో మాత్రం మనసారా మెచ్చుకుంటాను. ఉదయం ఆరింటికల్లా జీతాల ఫైలు బ్యాంకుకు చేరాలనుకోండి. ఆ చివరి జాబును క్రిటికల్ అని గుర్తించి గడువు రాస్తే, దాని వెనుక ఉన్న గొలుసంతటినీ లెక్కవేసి, ఏ జాబు ఎప్పటికల్లా మొదలవ్వాలో షెడ్యూలరే తేల్చుకుంటుంది. దారిలో ఏదైనా ఆలస్యమైతే దానిని సిద్ధంగా ఉన్నవాటిలో ముందుకు జరపడమే కాక, యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నైస్ విలువ (ప్రాసెసర్ వద్ద ఒక పనికి ఉండే ప్రాధాన్యం) మార్చి ప్రాసెసర్ సమయం కూడా ఎక్కువ ఇప్పిస్తుంది. మనుషులు పెట్టే అంకెల కన్నా ఈ గడువు ఆధారిత పద్ధతే న్యాయమైనదని నా అనుభవం. ఎవరి గొంతు పెద్దదన్న ప్రశ్న ఇందులో రాదు.

మిగిలింది ‘ఫెన్స్’. యంత్రానికి 40 అని ఫెన్స్ వేస్తే 40, అంతకన్నా తక్కువ అంకె ఉన్న జాబులు ఆగిపోతాయి, 41 నుంచి పైవి సాగుతాయి. సర్వరు ఇబ్బందిలో ఉన్నప్పుడు ఒక్క ఆదేశంతో చిల్లర పనులను పక్కన నిలబెట్టే ఈ సౌకర్యం నాకు ఎంతో ఇష్టం. కానీ ఆల్ట్‌ప్రై ఆదేశంతో ఒక జాబుకు మార్చిన అంకె ఆనాటి ప్లానుకే (ఆ రోజు నడవాల్సిన జాబుల జాబితాకే) పరిమితం, ఫెన్స్ మాత్రం మార్చేదాకా మరుసటి రోజు ప్లానులోకి కూడా కొనసాగుతుంది. రాత్రి వేసిన ఫెన్స్‌ను తీయడం మరచిపోతే, ఏ దోషమూ చూపకుండా, ఏ హెచ్చరికా లేకుండా 10 అంకె జాబులన్నీ తెల్లవారాక కూడా నిలబడే ఉంటాయి. అందుకే మా షిఫ్టు అప్పగింత పుస్తకంలో మొదటి గడి ఫెన్స్ విలువదే, దాని పక్కన వేసినవారి సంతకం ఉండాలి.