ఎస్పీఎల్ బ్యాడ్జీనా, గోడపత్రికా: పిల్లలకు ఏది మేలు?

జూన్‌లో బడి తెరిచిన రెండో వారం నుంచీ నన్నందరూ అడిగేది ఒకటే. చేపల బజారులో ఎదురైనా, ఆదివారం పూజ అయ్యాక గుడి మెట్ల మీద కనిపించినా ఇదే మాట: "టీచరు గారూ, మా అమ్మాయిని లీడరుగా నిలబెట్టమంటారా, మీ పత్రికలో చేర్పించమంటారా?" పదకొండేళ్లుగా నరసాపురంలో ఒక కాథలిక్ హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. పిల్లలు రాసినవి బోర్డు మీద అతికించే బడి గోడపత్రిక చూసుకునేది కూడా నేనే. ఈ ఏడు మా అమ్మాయి తొమ్మిదో తరగతికి వచ్చింది కాబట్టి ఈసారి ఆ ప్రశ్న మా ఇంట్లోనే లేచింది.

లీడరు (ఎస్పీఎల్, అంటే స్కూల్ ప్యూపిల్ లీడర్) పని తక్కువదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. పద్నాలుగేళ్ల పిల్ల అసెంబ్లీలో ముందు నిలబడి బడి మొత్తానికి "అటెన్షన్" చెప్పడం చిన్న విషయం కాదు. ఆగస్టు 15 పరేడ్, స్పోర్ట్స్ డే, క్రిస్మస్‌కి పశువుల పాక కట్టడం, అన్నిట్లోనూ ముందుండేది వాళ్లే. జూన్‌లో పేరడిగితే తల వంచుకున్న పిల్ల ఫిబ్రవరికల్లా మైకు పట్టుకుని అతిథులకు స్వాగతం చెప్పడం నా కళ్లతో చూశాను. ఫాదర్ చేతుల మీదుగా బ్యాడ్జీ పెట్టించుకున్న రోజు ఆ తల్లి ముఖం చూడాలి. కాకపోతే ఉన్నవి రెండే పదవులు, ఆడపిల్లలకొకటి, మగపిల్లలకొకటి. పిల్లలు చీటీల మీద ఓట్లు వేస్తారు, ఆఖరి మాట మాత్రం హెచ్ఎం సిస్టర్‌దే.

నా మట్టుకు తేల్చేది ఒక్కటే: ఆ పిల్ల ఎవరికి జవాబు చెప్పుకోవాలి? లీడరు జవాబు చెప్పేది పై వాళ్లకి. పత్రికలో రాసే పిల్ల మాత్రం ఎవరి గురించి రాసిందో వాళ్లకి చెప్పుకోవాలి.

పోయిన వానాకాలం గోదావరికి నీళ్లు ఎక్కువగా వచ్చిన రోజుల్లో అవతలి ఒడ్డున ఉన్న సఖినేటిపల్లి నుంచి పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద వచ్చే పిల్లలు తరచూ ఆలస్యమయ్యారు. గేటు దగ్గర ఎస్పీఎల్ పుస్తకం పట్టుకుని వాళ్ల పేర్లు రాసింది. అది తనకు అప్పగించిన పని, శ్రద్ధగానే చేసింది. ఆ పేర్లన్నీ అవతలి ఒడ్డు పిల్లలవేనని గమనించింది మాత్రం పత్రికలో రాసే ఎనిమిదో తరగతి అమ్మాయి. మర్నాడు పొద్దున్నే రేవుకి వెళ్లి, పంటు అవతల ఎన్నింటికి బయల్దేరిందో, ఇవతల ఎన్నింటికి ఆగిందో నోట్సు వెనక పేజీలో రాసుకొచ్చింది. పంటు నడిపే సరంగుని కూడా అడిగింది. నీటి వడి ఎక్కువగా ఉంటే పంటును ఎగువకు నడిపి తిప్పుకుని రావాలని, అందుకే ఎక్కువ సేపు పడుతుందని ఆయన చెప్పాడట.

ఆమె తెచ్చిన కాగితంలో "పంటు ఎప్పుడూ ఆలస్యమే" అని ఒక వాక్యం ఉంది. "ఎప్పుడూ అంటే ఎన్ని రోజులు చూశావమ్మా?" అన్నాను. "ఒక్క రోజే టీచర్" అంది. మరో రెండు రోజులు వెళ్లి చూసొచ్చింది. ఆ వాక్యం కొట్టేసి దాని పైన చిన్న అక్షరాలతో "నేను చూసిన 3 రోజుల్లో 2 రోజులు" అని రాసింది. ఆ ఒక్క కొట్టివేత కోసం ఎన్ని సాయంత్రాలైనా బడిలో ఉండిపోతాను.

సిస్టర్ సంతకం లేకుండా మా బోర్డు మీద ఏదీ అతికించకూడదు. అది ఈ పత్రికకున్న పెద్ద లోటు, దాచను. గేటు దగ్గర పిల్లల్ని వానలో నిలబెట్టడం గురించి రాసిన వాక్యాన్ని ఆవిడ తీసేయమన్నారు. నాకు బాధేసింది, ఆ మాట ఆవిడతోనే అన్నాను. మిగతాదంతా అలాగే బోర్డెక్కింది. పది రోజుల తర్వాత గేటు పుస్తకంలో పేరు పక్కన "కారణం" అని కొత్త గడి కనిపించింది. దాన్ని నింపింది మళ్లీ ఆ ఎస్పీఎల్లే.

కాథలిక్ బడికి ఈ పని పరాయిది కాదని సిస్టర్‌తో ఎప్పుడూ అంటుంటాను. 16వ శతాబ్దం చివర్లో పునీత (సెయింట్) ఫ్రాన్సిస్ డి సేల్స్ గారు, తన ప్రసంగం వినడానికి జనం రాకపోతే, చెప్పదలచుకున్నది కాగితాల మీద రాసి తలుపుల కింద నుంచి ఇళ్లలోకి తోసేవారు. 1923లో 11వ పయస్ పోపు గారు ఆయన్ని పాత్రికేయుల పాలక పునీతుడిగా ప్రకటించారు. ఆయన పండుగ జనవరి 24న మా బోర్డుకి కొత్త చార్టు వేస్తాం. ఇక మన గోదావరి వాళ్లకి చెప్పేదేముంది! 1874లో 'వివేకవర్ధని' పెట్టి అధికారుల లంచగొండితనాన్ని బయటపెట్టిన వీరేశలింగం గారు ధవళేశ్వరంలో పిల్లలకు పాఠాలు చెప్పిన మాస్టారే కదా.

కోయిర్, గైడ్స్ కూడా మంచివే. పాట వచ్చిన పిల్ల పాటకి వెళ్తుంది, అందులో నేను చెప్పాల్సిందేమీ లేదు.

నలుగురిలో నోరు పెగలని పిల్లయితే ఒక ఏడాది లీడరుగానో, హౌస్ కెప్టెన్‌గానో నిలబెట్టండి, మేలు జరుగుతుంది. ఇంట్లో అందరి మీదా పెత్తనం చేసే పిల్లని మాత్రం పత్రికకే పంపండి, అవతలి మనిషి చెప్పేది వినడం అలవాటవుతుంది. రెండూ ఒకరికే వద్దు. తన పని గురించి తానే రాసుకుంటే చదివేవాళ్లకి నమ్మకం ఉండదు. మా అమ్మాయి రాస్తే ఆ కాగితాలు నేను ముట్టుకోను, సోషల్ మాస్టారే దిద్దుతారు.

నామినేషన్ కాగితాలు శుక్రవారం లోపు ఇవ్వాలి. వాళ్ల నాన్నగారికి లీడరుగా నిలబడితే బాగుండునని ఉంది. మా అమ్మాయి ఇంకా కాగితం అడగలేదు. మధ్యాహ్నం లాంగ్ బెల్‌లో మంచినీళ్ల కుళాయిల దగ్గర చిన్నపిల్లలు ఎంతసేపు వరుసలో నిలబడుతున్నారో చూడాలని, పొద్దున్న వాళ్ల నాన్న వాచీ అడిగి పెట్టుకెళ్లింది.