షార్లెట్‌లో ఫుట్‌బాల్ సీజన్ టికెట్లు కొనే ముందు నా గోడు కాస్త వినండి

షార్లెట్‌లో, చుట్టుపక్కల ఉండే మనవాళ్ళ కోసం 2024 జనవరిలో రాస్తున్నాను. షికాగోలో ఉన్నవాళ్ళు కూడా చదవండి, ఎందుకో కింద చెప్తాను. మన ఊరి ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) జట్టు కరోలినా పాంథర్స్ సీజన్ టికెట్లు చవగ్గా ఇస్తామంటూ వాట్సాప్ గ్రూపుల్లో మళ్ళీ మెసేజ్‌లు మొదలయ్యాయి. పోయిన ఏడాది, 2023 మే నెలలో ఇలాంటి మెసేజ్ చూసే నేను రెండు సీట్లు కొన్నాను, ఒకటీ రెండూ ఆటలకి కాదు, సీజన్ మొత్తానికి. ఆ సీజన్ మొన్న 2024 జనవరి 7న ముగిసింది. 17 ఆటల్లో గెలిచింది 2, ఓడింది 15, ఉన్న 32 జట్లలో అందరికంటే అడుగున. ఆ రెండు గెలుపులూ మన ఊళ్ళోనే, రెండింటికీ నా దగ్గర టికెట్లు ఉన్నాయి, రెండూ నేను చూడలేదు. అదెలాగో కూడా చెప్తాను.

అసలు ఎందుకు కొన్నానంటే, ఏప్రిల్‌లో ఊరంతా ఒకటే ఊపు. ఆఫీసులో ఎవరిని కదిపినా అదే మాట. ఇక్కడ కాలేజీ నుంచి వచ్చే కుర్రాళ్ళని జట్లు తీసుకునేది ఐపీఎల్ వేలంలా డబ్బు పాడి కాదు, వరసగా వంతుల మీద. ముందు ఏడాది అందరికంటే అధ్వానంగా ఆడినవాళ్ళది మొదటి వంతు. పాంథర్స్‌కి వచ్చింది 9వ వంతు. షికాగో బేర్స్ దగ్గరున్న మొదటి వంతు కోసం ఆ 9వ వంతు, దాంతోపాటు 61వది, 2024లో మొదటి రౌండ్ వంతు, 2025లో రెండో రౌండ్ వంతు ఇచ్చేశారు. అక్కడితో ఆగారా, డీజే మూర్ అనే రిసీవర్‌ని కూడా ఇచ్చుకున్నారు. ఇవన్నీ ఇచ్చి తెచ్చుకున్నది బ్రైస్ యంగ్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని. అలబామా యూనివర్సిటీకి ఆడుతూ 2021లో హైస్మన్ ట్రోఫీ (కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆ ఏటి మేటి ఆటగాడికి ఇచ్చేది) కొట్టినవాడు, మంచి కుర్రాడే, కాదనను. కానీ క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి విసిరేవాడు, రిసీవర్ అంటే దాన్ని పట్టేవాడు. విసిరేవాడి కోసం పట్టేవాణ్ణి ఇచ్చేశారన్నమాట. ఎద్దుల్ని అమ్మి బండి కొన్నట్టు. ఈ సంగతి నాకు అప్పుడు తట్టలేదు, జెర్సీ కొనే హడావుడిలో ఉన్నాను.

నాకు అమ్మినతను మన తెలుగాయనే. ఇక్కడ పదిహేనేళ్ళుగా ఉంటున్నాడు, నన్ను తమ్ముడూ అని పిలుస్తాడు. ఆయన దగ్గర పీఎస్ఎల్ ఉంది. కొత్తవాళ్ళకి చెప్తున్నా, పీఎస్ఎల్ అంటే టికెట్ కాదు, ఫలానా సీటుకి ప్రతి ఏడాదీ టికెట్ కొనుక్కునే హక్కు. దానికి ఒకసారి డబ్బు కట్టాలి, తర్వాత ఏటా టికెట్ల డబ్బు వేరే. 1995లో మొదటి సీజన్ ఆడిన జట్టు ఇది, లీగ్‌లో చాలా జట్లకంటే వయసులో చిన్నది, అప్పట్లో స్టేడియం కట్టడానికి జనానికి ఇలా హక్కులు అమ్మే చాలా డబ్బు లేపారు. హక్కు ఆయన పేరు మీదే ఉంటుంది, నేను ఈ ఒక్క ఏడాది టికెట్లు కొనుక్కుంటాను, అదీ మా ఒప్పందం. సీటు ఆటకి 95 డాలర్లు, రెండు సీట్లు, పది ఆటలు, 1,900 డాలర్లు. "నాలుగు చూడు, ఆరు అమ్ముకో, డాలస్ ఆట ఒక్కటి అమ్మితేనే సగం డబ్బు వెనక్కి వస్తుంది తమ్ముడూ" అన్నాడు. నేను బ్యాంకు యాప్ నుంచి మొత్తం ఒకేసారి పంపేశాను. రసీదు లేదు, కాగితం లేదు. ఇంట్లో చెప్తే తిడుతుందని మా ఆవిడకి అక్టోబర్ దాకా చెప్పలేదు.

మొదటి దెబ్బ ఆగస్టులోనే. పది ఆటలు అన్నాడు కదా, అందులో రెండు ప్రీసీజన్ ఆటలు. అంటే లెక్కలోకి రానివి, పెద్ద ఆటగాళ్ళు కాసేపు కనిపించి బెంచీ మీద కూర్చునేవి. వాటికీ అదే 95. జెట్స్‌తో ఆడిన ఆటలో 27-0తో ఓడారు, ఒక్క పాయింటు లేదు. పోన్లే ప్రాక్టీసే కదా అనుకున్నాను. తర్వాత సెప్టెంబర్ 18 సోమవారం రాత్రి సెయింట్స్‌తో 20-17, అక్టోబర్ 1న వైకింగ్స్‌తో 21-13. అలా వరసగా ఆరు ఓడి 0-6 దగ్గర నిలబడ్డారు, ఇంకెవరు కొంటారు నా టికెట్లు? తిరిగి అమ్మే సైటులో పెట్టాను. అక్కడ అమ్మేవాడి దగ్గరా ఫీజు పట్టుకుంటారు, కొనేవాడి దగ్గరా ఫీజు పట్టుకుంటారు, ఆ సంగతి ముందు తెలుసుకోలేదు. అక్టోబర్ 29న హ్యూస్టన్ టెక్సన్స్ ఆట, టికెట్ 30కి పెట్టినా కదల్లేదు, 22కి పోయింది, ఫీజు పోను చేతికి వచ్చిన దాంతో రెండు బిర్యానీలు వస్తాయి. అదే రోజు పాంథర్స్ 15-13తో ఆఖరి కిక్‌లో గెలిచారు! హ్యూస్టన్‌కి బంతి విసిరినవాడు ఎవరనుకున్నారు, సీజే స్ట్రౌడ్, మనవాళ్ళు వదిలేస్తే రెండో వంతులో వాళ్ళు తీసుకున్న కుర్రాడు. ఆ ఒక్క రోజు మన కుర్రాడిదే పైచేయి. ఆ తర్వాత హ్యూస్టన్ మొత్తం 10 గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది, అది వేరే ఏడుపు.

నవంబర్ 5న కోల్ట్స్ ఆటకి నాన్నగారిని తీసుకెళ్ళాను, తెనాలి నుంచి వచ్చి ఉన్నారు అప్పుడు. గేటు దగ్గర నా బ్యాగు ఆపేశారు, పర్సుకంటే పెద్దదేదైనా లోపల ఉన్నవి కనిపించే ప్లాస్టిక్ సంచి అయితేనే రానిస్తారు, పిల్లలతో వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోండి. బ్యాగు కార్లో పెట్టి వచ్చేసరికి ఆట మొదలైంది. మన కుర్రాడు విసిరిన బంతిని అవతలి జట్టులో కెన్నీ మూర్ అనేవాడు పట్టుకుని ఇటు చివరిదాకా పరిగెత్తాడు. నాన్నగారు లేచి చప్పట్లు కొట్టారు. "వాడు మనవాడు కాదు నాన్నా" అన్నాను. కాసేపటికి అదే మనిషి అలాగే ఇంకోసారి. ఈసారి ఆయన చప్పట్లు కొట్టలేదు, నా వైపు చూసి "ఒరేయ్, ఈ టికెట్ ఎంత?" అని అడిగారు. చెప్పలేదు.

ఇక అసలు దెబ్బ నవంబర్ 19, డాలస్ కౌబాయ్స్ ఆట. ఆయన టికెట్లు అన్నీ ఒకేసారి బదిలీ చేయలేదు, ఆట ముందు వారం వారం పంపేవాడు, నేనూ పట్టించుకోలేదు. ఈ ఆట వారం వచ్చేసరికి "యాప్ పని చేయట్లేదు తమ్ముడూ" అన్నాడు. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. శనివారం రాత్రి రెండు టికెట్లు వచ్చాయి, చూస్తే మా సీట్లు కావు, పైన ఆకాశంలో ఎక్కడో. మా సీట్లు అదే సైటులో నాలుగింతలకి అమ్ముడయ్యాయని నా అనుమానం, రుజువు లేదు కాబట్టి ఆయన పేరు రాయను, అడిగి ఇన్‌బాక్స్‌కి రాకండి. స్టేడియంలో చుట్టూ డాలస్ జెర్సీలే, ఎవరి ఊళ్ళో ఉన్నామో అర్థం కాలేదు. 33-10తో ఓడారు. ఎనిమిది రోజుల తర్వాత కోచ్ ఫ్రాంక్ రైక్‌ని తీసేశారు, 11 ఆటల్లో 10 ఓడాక. ఇక్కడ కోచ్‌గా ఆయనకి అది మొదటి సీజనే.

డిసెంబర్ 17న ఫాల్కన్స్ ఆట, కుండపోత వాన. టికెట్లు 5 డాలర్లకి పెట్టాను, ఊరికే ఇస్తానన్నాను, ఎవరూ తీసుకోలేదు. మేమూ వెళ్ళలేదు, ఇంట్లో మిరపకాయ బజ్జీలు వేసుకుని కూర్చున్నాం. 9-7తో గెలిచారు, మళ్ళీ ఆఖరి క్షణం కిక్కే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే డబ్బు పెట్టినందుకు బాధ లేని ఆట ఒక్కటే ఉంది, డిసెంబర్ 24న ప్యాకర్స్‌ది. బ్రైస్ యంగ్ ఆ రోజు 312 గజాలు విసిరాడు, 33-30తో ఓడారు కానీ ఈ కుర్రాడిలో సరుకుందని కళ్ళారా కనిపించింది. ఏడాదంతా వాడు బంతి వదిలేలోపే మీదపడి 62 సార్లు కూల్చారండీ, ముందు అడ్డం నిలబడేవాళ్ళు గట్టిగా లేకపోతే ఎవడైనా ఏం చేస్తాడు. చివరి రెండు ఆటల్లో అయితే జట్టుకి ఒక్క పాయింటు కూడా రాలేదు, 26-0, 9-0. ఆ 26-0 ఆటలో ఓనర్ డేవిడ్ టెప్పర్ ఎదుటి జట్టు అభిమానుల మీదకి గ్లాసులో డ్రింక్ విసిరాడు, లీగ్ 3 లక్షల డాలర్ల జరిమానా వేసింది. కోట్లున్న ఓనరే అలా ఉంటే 1,900 పోగొట్టుకున్న నా సంగతి ఆలోచించండి.

సరే, కొనేవాళ్ళు ఏం చూసుకోవాలంటే. హక్కు ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి అన్ని ఆటల టికెట్లూ మీ యాప్‌లోకి ఒకేసారి బదిలీ చేశాకే డబ్బు ఇవ్వండి, కనీసం సగం ఆపండి. ప్రీసీజన్ ఆటలు ఎన్ని ఉన్నాయో అడిగి వాటి ధర తగ్గించమనండి. హక్కే కొనేయమంటే బదిలీ ఫీజు, ఏటా టికెట్లు కొనకపోతే ఏమవుతుంది, ఈ రెండూ జట్టు ఆఫీసులోనే కనుక్కోండి, అమ్మేవాడి మాట మీద వద్దు. బ్యాంకు యాప్‌లో నేరుగా పంపిన డబ్బు వెనక్కి రాదు, నేను బ్యాంకులో అడిగి వచ్చాను. ఆట చూడాలనే సరదా ఉంటే మాత్రం ఒక్కో ఆటకి, ఆ రోజు పొద్దున్న సైటులో చూసి కొనుక్కోండి, ఓడే జట్టు టికెట్ ధర గంట గంటకీ పడుతుంది. బ్లూ లైన్ రైల్లో వెళ్తే పార్కింగ్ కూడా మిగులుతుంది.

షికాగో వాళ్ళ సంగతి ఇదీ. మనవాళ్ళు ఇచ్చేసిన 2024 మొదటి రౌండ్ వంతు, మనవాళ్ళు ఇంత బాగా ఓడినందువల్ల, ఆ ఏటికి మొత్తం లీగ్‌లోనే మొదటి వంతు అయి కూర్చుంది. అది బేర్స్ చేతికి వెళ్ళింది. ఏప్రిల్‌లో మీ ఊరు కూడా ఇలాగే ఊగుతుంది, మీ గ్రూపుల్లో కూడా ఓ అన్న వస్తాడు. మొదటి వంతు కుర్రాణ్ణి చూసి సీజన్ మొత్తం కొనకండి, ముందు అడ్డం నిలబడేవాళ్ళు ఎవరున్నారో, పట్టేవాళ్ళు ఎవరున్నారో చూడండి. డీజే మూర్‌ని కూడా మీరే పట్టుకెళ్ళారు లెండి, మాకంటే మీరే నయం.

నిన్న పొద్దున్న నాకు టికెట్లు అమ్మిన ఆ అన్నగారి మెసేజ్ వచ్చింది. కొత్త కోచ్ వస్తున్నాడట, ఈ ఏడు సీటు 80కే ఇస్తాడట. ముందు కౌబాయ్స్ ఆట సంగతి తేల్చమని రాశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు ఇంకా లేదు.