నా కుట్టు మిషన్లో ఆ రెండు మీటలు

ఎన్ని రకాల కుట్లు వేస్తుంది, మోటారు ఎన్ని వాట్లు అనేవి డబ్బా మీదే ఉంటాయి. ఏళ్లుగా వాడాక నాకు చెప్పాలనిపించేది సూది కింద పైదారాన్ని అడుగుదారంతో కలిపే షటిల్‌కి అటూ ఇటూ ఉన్న రెండు చిన్న మీటల గురించే. అడుగుదారం చుట్టిన బాబిన్ ఉండే కేసు తీసి, మీటలు పక్కకి జరిపితే రింగు ఊడి వస్తుంది, దాని వెనక దారాన్ని పట్టే కొక్కెం కూడా. స్క్రూడ్రైవర్‌తో పని లేదు. పాత మిషన్లో ఇదే పనికి మరలు విప్పాలి. కుట్టి అలిసిపోయాక అదంతా ఎవరు చేస్తారు?

ఇప్పుడు కుట్టడం అయిపోగానే బ్రష్‌తో నూగు దులిపి, కొక్కెం అంచు రాసుకునే చోట ఒక్క చుక్క మిషన్ నూనె వేసి, పాత గుడ్డ ముక్క మీద కాసేపు నడుపుతాను, మంచి గుడ్డకి మరక పడకుండా. రెండు నిమిషాల పని. వంటింటి నూనెలు మాత్రం వద్దు, కొన్నాళ్లకి జిగురు కట్టేస్తాయి.

దీని విలువ నాకు తెలిసింది కర్టెన్లు కుడుతున్న రాత్రి. టకటకమని రెండు దెబ్బలు, అంతే, చక్రం చేత్తో తిప్పినా కదల్లేదు. మెకానిక్‌కి ఫోన్ చేస్తే షటిల్ సెట్ మొత్తం మార్చాలన్నాడు. చూడకుండా అంతకంటే ఏం చెప్తాడులెండి. ఆయన వచ్చేలోగా మీటలు జరిపి చూస్తే, రింగు గాడిలో చిన్న దారం ముక్క నలిగి ఇరుక్కుని ఉంది. పట్టకారుతో లాగేశాను. చక్రం తిరిగింది. కర్టెన్లు ఆ రాత్రే పూర్తయ్యాయి.

అడుగున దారం గుంపు కడితే చాలామంది బాబిన్‌ని తిడతారు. నేను చూసినంతలో తప్పు ఎక్కువసార్లు పైదారానిదే, దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లల మధ్యకి సరిగా దిగి ఉండదు. గుడ్డని నొక్కిపట్టే మిషన్ పాదం ఎత్తి ఉంచి దారం ఎక్కిస్తే బిళ్లలు విడి ఉంటాయి, దారం చక్కగా కూర్చుంటుంది.

కొన్న కొత్తలో కనిపించినవాళ్లందరికీ "అసలు చప్పుడే లేదు" అని చెప్పాను. నూనె చుక్క పడుతున్నన్నాళ్లూ లేదు, అంతే. సూదిలోకి దారం దూర్చే పరికరం కూడా మెచ్చుకున్నట్టున్నాను. అది వంగిపోయింది, మళ్లీ కళ్లద్దాలే గతి. మీటల్లో ఒకటి ఈమధ్య కాస్త వదులైంది, అదొక్కటే బెంగ.

నేను ఇంటి గుడ్డలే కుడతాను, అదీ తీరిక దొరికినప్పుడు. 16వ నంబరు సూది వేసినా జీన్స్ మడతల దగ్గర ఇది మూలుగుతుంది. పొద్దస్తమానం కుట్టేవాళ్లకి నూనె తనంతట తానే అందే పెద్ద మిషనే నయం. పైనుంచి బాబిన్ వేసే రకం ఉన్నవాళ్లు నా మాట పట్టుకుని షటిల్లో నూనె పోయకండి. వాటిలో చాలావాటికి ఆ గూడు ప్లాస్టిక్‌ది, నూనె వద్దని మిషన్‌తో వచ్చే పుస్తకంలోనే ఉంటుంది.