కొత్త కారు బేరం: అనంతపురం షోరూమా, బెంగళూరు షోరూమా?

అనంతపురంలో కారు కొనాలనుకుంటున్నానని ఎవరితోనైనా అంటే చాలు, "ఇక్కడెందుకు, బెంగళూరు పో, యాభై వేలు తగ్గుతుంది" అనేవాళ్ళు తయారు. ఆ పక్కనే "మన ఊరి షోరూమే మేలు, రేపు ఏదన్నా అయితే యాడికి పోతావు" అనేవాళ్ళూ ఉంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. నన్నడిగితే, బెంగళూరులో కొటేషన్ తీసుకుని అనంతపురంలో కారు కొనడం మేలు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ రేటు కాగితంలో ఏముంటుందో చూడాలి.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు 2019 నుంచి తయారవుతున్నాయి కదా, పక్కనే ఉన్నాం కాబట్టి మనకు తక్కువకు రాదా అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. రాదు. ఎక్స్-షోరూమ్ ధర, అంటే లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్ కలపకముందు రేటు, కంపెనీ పెట్టేది, జీఎస్టీ అందులోనే కలిసి ఉంటుంది. ఫ్యాక్టరీ గేటుకు మీ ఇల్లు ఎంత దగ్గరన్నది ఎవరికీ పట్టదు. ఆ జీఎస్టీ కూడా 2025 సెప్టెంబర్ 22న మారింది. పొడవు 4 మీటర్లకు, ఇంజన్ పెట్రోల్‌లో 1200 సీసీకి, డీజిల్‌లో 1500 సీసీకి మించని కార్లకు 18 శాతం, వాటికంటే పెద్దవాటికి 40 శాతం, కరెంటు కార్లకు 5 శాతం. ఇది చెప్పడానికి కారణం ఉంది. ప్రభుత్వం తగ్గించిన పన్నును తమ ఆఫర్ కింద చూపించి "ఇప్పటికే ఇంత తగ్గించాం సార్" అనే షోరూములు ఉన్నాయి. అది వాళ్ళ జేబులోంచి ఇచ్చింది కాదు. దాన్ని పక్కనపెట్టి బేరం మొదలుపెట్టాలి.

లైఫ్ టాక్స్ కారు ధర శ్లాబును బట్టి రవాణా శాఖకు పోతుంది, అక్కడా బేరం లేదు. ధర 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేవాడే ముందుగా వసూలు చేసే ఇన్‌కమ్ టాక్స్, కట్టించుకుంటారు. 12 లక్షల కారుకు 12 వేలు. చాలామంది దీన్ని డీలర్ బాదుడు అనుకుని గొడవపడతారు, నిజానికి అది మీ పాన్ మీద జమయ్యే డబ్బు. ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేసేటప్పుడు కట్టాల్సిన పన్నులో సర్దుకోవచ్చు, పన్ను లేకపోతే వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇక బేరానికి మిగిలేవి డిస్కౌంట్, ఇన్సూరెన్స్, యాక్సెసరీస్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, హ్యాండ్లింగ్ ఛార్జీలు. ఆట మొత్తం వీటిలోనే.

రెండు కాగితాలు పక్కపక్కన

ఊహించిన అంకెలతో ఒక ఉదాహరణ చూద్దాం. ఎక్స్-షోరూమ్ 8 లక్షల కారు. మొదటి డీలర్ 30 వేలు డిస్కౌంట్ అంటాడు. ఇన్సూరెన్స్ 46 వేలు, సీటు కవర్లు, మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు కలిపి "బేసిక్ కిట్" 18 వేలు, హ్యాండ్లింగ్ ఛార్జీలు 6,500. రెండో డీలర్ డిస్కౌంట్ 15 వేలకు మించి ఒక్క రూపాయి ఇవ్వనంటాడు. కానీ ఇన్సూరెన్స్ 34 వేలు, కిట్ కావాలంటే తీసుకోండి లేకపోతే లేదు, హ్యాండ్లింగ్ లేదు. లైఫ్ టాక్స్ ఇద్దరి దగ్గరా ఒకటే కాబట్టి వదిలేద్దాం. మొదటి లెక్క 8,40,500. రెండో లెక్క 8,19,000. డిస్కౌంట్ రెట్టింపు ఇచ్చినవాడి దగ్గర కారు 21,500 ఎక్కువ పడింది.

అందుకే "ఎంత తగ్గిస్తారు" అని అడగొద్దు. ఆ ప్రశ్న వినగానే సేల్స్ ఎగ్జిక్యూటివ్‌కు ప్రాణం లేచొస్తుంది, ఎందుకంటే ఒక గీతలో తగ్గించి ఇంకో గీతలో కలుపుకోవడం అతనికి రోజూ పనే. "అన్నా, నంబర్ ప్లేటుతో సహా బండి నా చేతికొచ్చేసరికి మొత్తం ఎంత, గీత గీతకూ విడిగా రాసి షోరూమ్ మెయిల్ నుంచి పంపు" అని అడగాలి. విజిటింగ్ కార్డు వెనక పెన్నుతో రాసిచ్చే అంకెకు విలువ లేదు. రాసిన మనిషి రెండు నెలల్లో ఇంకో షోరూమ్‌లో ఉంటాడు.

హ్యాండ్లింగ్ ఛార్జీల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బండి స్టాక్ యార్డు నుంచి షోరూమ్‌కు రావడం వాళ్ళ వ్యాపారంలో భాగం, మీ బిల్లులో కాదు. గట్టిగా అడిగితే తీసేస్తారు. అడగనివాళ్ళే కడతారు.

ఇన్సూరెన్స్: షోరూమ్‌దా, బయటదా?

డీలర్‌కు కారు మీద మిగిలేదానికంటే ఇన్సూరెన్స్, లోన్, యాక్సెసరీస్ మీద వచ్చే కమీషన్ మీదే ఆశ ఎక్కువ. కాబట్టి బేరం ఎక్కువ సాగేది కూడా ఇక్కడే. కొత్త కారుకు 2018 సెప్టెంబర్ నుంచి మూడేళ్ళ థర్డ్ పార్టీ పాలసీ (మీ బండి వల్ల ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి) ఒకేసారి తీసుకోవడం తప్పనిసరి. దాని ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించినదే, ఏ కంపెనీలో కొన్నా మారదు. మారేది ఓన్ డ్యామేజ్ భాగం (మీ బండికి జరిగే నష్టానికి), దానిమీద జీరో డెప్ (పార్టుల అరుగుదల కోత లేకుండా క్లెయిమ్ ఇచ్చేది) లాంటి యాడ్-ఆన్‌లు. ఈ భాగం ఏడాదికే తీసుకుంటే చాలు.

షోరూమ్‌లో మీకు చెప్పే మాట ఇలా ఉంటుంది: "సార్, ఇన్సూరెన్స్ బయట చేయించుకుంటే డిస్కౌంట్ కట్ అవుతుంది, రేపు క్లెయిమ్‌కు క్యాష్‌లెస్ కూడా రాదు." ఇందులో మొదటిది బెదిరింపు, రెండోదాన్ని కనుక్కోవాలి. తమ దగ్గరే పాలసీ తీసుకోవాలని డీలర్ బలవంతపెట్టకూడదని ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల్లోనే ఉంది. క్యాష్‌లెస్ అంటే రిపేరు డబ్బు ఇన్సూరెన్స్ కంపెనీయే వర్క్‌షాప్‌కు నేరుగా కట్టడం. అది మీరు పాలసీ ఎక్కడ కొన్నారన్నదాన్ని బట్టి కాదు, ఆ ఇన్సూరెన్స్ కంపెనీకి మీ ఊరి వర్క్‌షాప్‌తో ఒప్పందం ఉందా లేదా అన్నదాన్ని బట్టి వస్తుంది. బెంగళూరులో ఒకచోట కాకపోతే ఇంకోచోట దొరుకుతుంది. అనంతపురం, కడప లాంటి చోట్ల ఒక్కో బ్రాండ్‌కు ఒకటో రెండో వర్క్‌షాపులు, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. పాలసీ కొనేముందు సేల్స్ వాళ్ళను కాదు, వర్క్‌షాప్‌లో బాడీ షాప్ అడ్వైజర్‌ను అడగండి, ఏ కంపెనీల క్యాష్‌లెస్ చేస్తున్నారో. అతను నిజం చెప్తాడు, అతనికి అమ్మకాలతో పనిలేదు.

ఆ జాబితాలో ఉన్న కంపెనీ వెబ్‌సైట్‌లోనే అదే ఐడీవీ (బండి మొత్తం పోతే కంపెనీ లెక్కగట్టి ఇచ్చే విలువ), అవే యాడ్-ఆన్‌లు పెట్టి రేటు చూడండి. ఐడీవీ ఒకటి కాకపోతే పోలిక తప్పుతుంది. కొత్త బండికి ఎక్స్-షోరూమ్ ధరలో 95 శాతం ఉండాలి. ఆ స్క్రీన్‌షాట్ చూపించి, షోరూమ్ పాలసీని అదే రేటుకు దించమంటే చాలాసార్లు దించుతారు. రెండు మూడు వేల తేడా ఉంటే షోరూమ్ పాలసీయే తీసుకోమంటాను, క్లెయిమ్ రోజున వాళ్ళే పరిగెత్తుతారు. పది వేలు దాటితే మాత్రం బయటే.

బెంగళూరు ఎవరికి లాభం?

అనంతపురం నుంచి బెంగళూరు 44వ నంబర్ హైవే మీద దాదాపు 210 కిలోమీటర్లు, కర్నూలు నుంచి హైదరాబాద్‌కూ ఇంచుమించు అంతే. అక్కడ ఒకే బ్రాండ్‌కు చాలామంది డీలర్లు, అమ్మకాల టార్గెట్లు పెద్దవి, పోటీ ఎక్కువ. అందుకే డిస్కౌంట్ ఎక్కువిస్తారు, మనకు ఇక్కడ దొరకని రంగు, వేరియంట్ యార్డులో సిద్ధంగా ఉంటాయి. మన వైపు ఇంకో చిక్కుంది. కర్నూలు షోరూమ్, అనంతపురం షోరూమ్, కడప షోరూమ్ మూడూ ఒకే యజమానివి అయ్యే సందర్భాలు తక్కువేం కాదు. అనంతపురంలో కొటేషన్ తీసుకుని కర్నూలు ఫోన్ చేసి పోటీ పెట్టానని మీరు సంబరపడుతుంటే, ఇద్దరూ ఒకే సిస్టంలో మీ ఫోన్ నంబర్ చూస్తూ మాట్లాడుతుంటారు. కొటేషన్ కింద జీఎస్టీ నంబర్, కంపెనీ పేరు చూస్తే తెలిసిపోతుంది. పోటీ అంటే వేరే యజమానితో ఉండాలి.

మరి నేరుగా బెంగళూరులోనే కొంటే? కారు ఆంధ్రలో తిరిగేదైతే అక్కడ టెంపరరీ రిజిస్ట్రేషన్ చేయించుకుని, ఇక్కడికి తెచ్చి, మన ఆర్టీఓ దగ్గర లైఫ్ టాక్స్ కట్టి పర్మనెంట్ నంబర్ తీసుకోవాలి. డీలర్ ఇదే రాష్ట్రంలో ఉంటే రిజిస్ట్రేషన్ దరఖాస్తు అతనే పెట్టాలి, నంబర్ వేశాకే బండి ఇవ్వాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెప్పేది ఇదే. రాష్ట్రం దాటితే ఆ తిరుగుడంతా మీది. ఫారం 21 (అమ్మకం సర్టిఫికెట్), ఫారం 22 (బండి రోడ్డుకు తగినదని కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్), ఇన్వాయిస్, ఇన్సూరెన్స్ పట్టుకుని ఆఫీసుకు మీరే పోవాలి, ఏదో ఒక కాగితంలో చాసిస్ నంబర్ ఒక అక్షరం తప్పితే మళ్ళీ బెంగళూరు. నంబర్ వచ్చాక హెచ్ఎస్ఆర్‌పీ (హై సెక్యూరిటీ) నంబర్ ప్లేటు కోసం ఇంకో విడత. ఆంధ్ర అడ్రస్ అనగానే వెనకాడే డీలర్లూ అక్కడ ఉన్నారు.

కొడుకు బెంగళూరులో ఉంటున్నాడు, అతని అడ్రస్ మీద కేఏ నంబర్ వేయిద్దామనే ఆలోచన మన జిల్లాలో మామూలే. కర్ణాటకలో లైఫ్ టాక్స్ తక్కువేం కాదు. పైగా బండి 12 నెలలకు మించి ఇక్కడే ఉంటే ఇక్కడి నంబర్ తీసుకోవాలి, ఇక్కడి టాక్స్ కట్టాలి, అక్కడ కట్టినదాంట్లో మిగిలింది వాపసు కోసం దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూడాలి. కారు నిజంగా కొడుకు దగ్గరే ఉంటే సరే, లేకపోతే ఆ జోలికి పోవద్దు.

నా లెక్కలో గీత ఎక్కడంటే: ఇక్కడి చివరి రేటుకూ అక్కడి చివరి రేటుకూ తేడా 15, 20 వేలైతే ఇక్కడే కొనండి, ఆ డబ్బు తిరుగుళ్ళకూ సెలవులకూ సరిపోతుంది. 50 వేలు దాటితే బెంగళూరు పోవచ్చు. కానీ బెంగళూరు కొటేషన్ చేతిలో పెట్టుకుని ఇక్కడ కూర్చుంటే ఆ తేడా 50 వేల దగ్గర అరుదుగా ఆగుతుంది. వారంటీ, ఫ్రీ సర్వీసులు దేశంలో ఏ అధీకృత సర్వీస్ సెంటర్‌లోనైనా చెల్లుతాయి కాబట్టి ఆ భయంతో మాత్రం ఇక్కడ కొనక్కర్లేదు.

రికమండేషనా, రెండో కొటేషనా?

రాయలసీమలో షోరూమ్‌కు ఒంటరిగా పోయేవాళ్ళు తక్కువ. మేనమామ, బావమరిది, షోరూమ్ ఓనర్ తెలిసిన ఒక లీడరు మనిషి, అందరూ వస్తారు. రికమండేషన్‌తో దొరికేది కాఫీ, ఒక జత ఫ్లోర్ మ్యాట్లు, "మనోడే, చూసుకోండి" అనే మాట. ఇబ్బందేమిటంటే ఆ మాట వచ్చాక మీరు గట్టిగా బేరం చేయలేరు, పెద్దమనిషి మొహం చూడాలి కదా. ఏ పరిచయమూ లేకుండా కొటేషన్‌తో పోయినవాడికి ఆ మొహమాటం ఉండదు.

మాట్లాడాల్సిన మనిషి సేల్స్ మేనేజర్. "సార్, మీ కొటేషన్ 8,40,500. బెంగళూరులో ఇదే వేరియంట్, ఇదే ఐడీవీ, మన టాక్స్ కాకుండా 8,12,000. 8,18,000కు చేస్తే ఈరోజే బుక్ చేస్తా." ఇంతకంటే పొడుగు మాటలు అక్కర్లేదు. లోపలికి పోయి వస్తానంటాడు, పోనివ్వండి. 8,24,000 అని వస్తాడు. అప్పుడు డబ్బుకు బదులు యాక్సెసరీస్ ఇస్తామంటే ఒప్పుకోవద్దు. వాళ్ళు 10 వేలని రాసే సీటు కవర్లు బయట కారు డెకార్ షాపులో ఎంతో కనుక్కుంటే మీకే అర్థమవుతుంది.

దసరాకు మంచి ఆఫర్లు ఉంటాయంటారు. ఉంటాయి, కానీ అప్పుడు షోరూమ్ నిండా జనం, మేనేజర్ మీ ఎదుట రెండు నిమిషాలు కూర్చోడు. ఆషాఢంలో, పుష్యంలో, మూఢంలో మన జనం బండి కొనరు. షోరూమ్ ఖాళీ, టార్గెట్ మాత్రం అలాగే ఉంటుంది. సెంటిమెంట్ ఉన్నవాళ్ళు ఆషాఢం చివర్లో బేరం ముగించి బుకింగ్ అడ్వాన్స్ కట్టి, రేటు రాయించుకుని, శ్రావణంలో డెలివరీ పెట్టించుకుంటే సరి. డిసెంబర్ చివర్లో తగ్గింపు ఇంకా ఎక్కువ, బండి మాత్రం ఆ ఏడాది తయారీ. పదేళ్ళు వాడేవాళ్ళకు అది నష్టమే కాదు. మూడేళ్ళకు మార్చేవాళ్ళు అమ్మేటప్పుడు ఒక ఏడాది పాత బండి కింద లెక్క కట్టించుకుంటారు.

లోన్ దగ్గర ఒక్క మాట. షోరూమ్‌లో కూర్చున్న ఫైనాన్స్ ఏజెంటు "7 శాతమే సార్" అంటే, ఫ్లాటా అని అడగండి, అంటే బాకీ తగ్గుతున్నా మొదటి అప్పు మొత్తం మీదే చివరిదాకా వడ్డీ వేస్తారా అని. 5 లక్షలకు ఐదేళ్ళు 7 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 1,75,000, నెలకు ఈఎంఐ 11,250. బ్యాంకువాళ్ళు చెప్పే తగ్గే బాకీ పద్ధతిలో చూస్తే అది 12.5 శాతం. అంటే అర్ధరూపాయి వడ్డీ అనుకుని తీసుకున్నది రూపాయి దాటింది. ముందే మీ బ్యాంకులో రేటు రాయించుకుని పోతే షోరూమ్ లోన్ నిజంగా మేలో కాదో ఒక్క ఈఎంఐ అంకెతో తేలిపోతుంది.

పాత కారు ఉంటే ఎక్స్చేంజ్ బోనస్‌ను, పాత బండి విలువను రెండు గీతలుగా రాయించండి, లేకపోతే బోనస్ 25 వేలిచ్చి బండి విలువలో 40 వేలు కోస్తారు. కన్సల్టెన్సీలో అమ్మితే సాధారణంగా ఎక్కువ వస్తుంది. కానీ పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకం పెట్టిచ్చి వదిలేస్తే సరిపోదు. ఆర్‌సీలో పేరు మారేదాకా యాక్సిడెంట్ అయినా కేసు మీ మీదికే. ఆ వెంటపడే ఓపిక లేనివాళ్ళు ఐదారు వేలు తక్కువైనా షోరూమ్‌కే ఇవ్వడం నయం.

అన్నీ కుదిరాక కూడా మొత్తం డబ్బు ఒకేసారి కట్టేయొద్దు. బండి యార్డుకు వచ్చాక చాసిస్ నంబర్ అడిగి, పోయి చూసి, తయారైన నెల, ఏడాది కనుక్కుని, అదే నంబర్ ఇన్వాయిస్‌లో పడిందని చూశాక మిగతాది కట్టండి. కట్టేది డీలర్ కంపెనీ అకౌంట్‌కే, ఎగ్జిక్యూటివ్ ఫోన్‌పేకు కాదు. నగదుగా 2 లక్షలు, ఆపైన తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు, ఎవరైనా తీసుకుంటామంటే ఆ షోరూమ్ నుంచి లేచి రండి.