రేసు మానిన గుర్రమా, పెళ్ళి ఊరేగింపు గుర్రమా: ఏది మేలు?

మా మేనల్లుడికి హసన్‌పర్తి దగ్గర రెండెకరాల మామిడితోట ఉంది. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు అడిగాడు: "మామా, గుర్రం కొందామనుకుంటున్నాను. హైదరాబాద్ మలక్‌పేటలో పరుగు మాన్పించిన రేసు గుర్రం ఒకటి తక్కువకే ఇస్తామంటున్నారు. ఇక్కడ హనుమకొండలో పెళ్ళి ఊరేగింపులకు తిప్పే ఆడగుర్రం ఒకటి అమ్మకానికి ఉంది. నువ్వయితే ఏది తీసుకుంటావు?" వాడి పదేళ్ళ కూతురు పక్కనే నిలబడి నా ముఖం వంకే చూస్తోంది. సవారీ నేర్చుకోవాలన్న కోరిక ఆ పిల్లది.

జాతి గుర్రానికి పొగరు, ఊరేగింపు గుర్రం సాధువు అన్న మాట మన వైపు అందరి నోటా వినిపిస్తుంది. ఆ మాట నమ్మి కొన్నవాళ్ళు రెండు విధాలా నష్టపోవడం చూశాను. స్వభావం ఒకటి, బెదురు మరొకటి. మనిషి దగ్గరకు తానై వస్తుందా, కొత్త వస్తువును వాసన చూస్తుందా, తోటి గుర్రాన్ని తరుముతుందా అన్నవి స్వభావం. పుట్టుకతో వచ్చి చాలావరకు అలాగే నిలుస్తాయి. బెదురు మాత్రం తిండిని బట్టి, నొప్పిని బట్టి, అలవాటును బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. కొనడానికి వెళ్ళినవాడి కంటికి ఆ ఒక్కరోజు బెదురే కనిపిస్తుంది. దాన్నే స్వభావమనుకుని బేరం కుదుర్చుకుంటాడు, లేదా వదులుకుంటాడు.

ముందు రేసు గుర్రం సంగతి. అది థరోబ్రెడ్ అనే జాతిది. ఆ జాతి మొత్తం తండ్రి వరుసలో మూడు మగగుర్రాల దగ్గరకు చేరుతుంది: బయర్లీ టర్క్, డార్లే అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండుకు చేరిన గుర్రాలవి. 1791లో వంశావళి పుస్తకం మొదలైంది. అప్పటినుంచీ ఎంపికంతా వేగం కోసమే. చిన్న అలికిడికి ఒళ్ళంతా సిద్ధం కావడం ఆ వేగంలో భాగం. మన దగ్గర ఈ పందాలు 1868లో మౌలాలీలో మొదలై, 1886లో ఆరవ నిజాం కాలంలో మలక్‌పేటకు మారాయి. ఇంత పాత ముచ్చట ఇంత దగ్గరలో ఉన్నా, పరుగు ఆగిపోయాక ఆ గుర్రాలు ఏమవుతున్నాయని అడిగేవాళ్ళు తక్కువ. అది నాకు బాధ కలిగించే విషయం.

పుట్టుక అలా ఉంచి, దానికి నేర్పిన పాఠాలు చూడండి. రెండేళ్ళ వయసుకే పరుగు. రోజులో ఎక్కువ గంటలు నాలుగు గోడల మధ్య. మనం ఆగమని పగ్గం బిగిస్తాం. అది ఆ బిగువుకు నోటిని ఆనించి ఇంకా గట్టిగా దూకుతుంది, ఎందుకంటే మైదానంలో దానికి నేర్పింది అదే. జాకీ పొట్టి రికాబుల్లో ముడుచుకుని పైన ఉంటాడు కాబట్టి మనిషి కాళ్ళు డొక్కలకు తగలడం దానికి కొత్త. నడుస్తుండగానే రౌతును ఎత్తి కూర్చోబెట్టేస్తారు కాబట్టి ఎక్కేదాకా కదలకుండా నిలబడాలని ఎవరూ చెప్పలేదు. గుంపుతో తప్ప బయటకు వెళ్ళి ఎరగదు. ఒంటరిగా తోటలో కడితే చెమటలు కారుతూ, సకిలిస్తూ కంచె వెంట తిరుగుతూనే ఉంటుంది.

నా దగ్గరకు వచ్చిన మొదటి రేసు గుర్రం ఐదేళ్ళ ఆడది. జీను పట్టీ బిగించబోతే చెవులు వెనక్కి అంటించి కరవడానికి వచ్చేది. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందన్న సామెత నా బుర్రలో ఉంది కాబట్టి మూడు వారాల పాటు గద్దించాను. అది మరింత చెడింది. చివరికి పశువైద్యుడు వచ్చి పొట్ట దగ్గర చేత్తో నొక్కి చూసి, కడుపులో పుండ్లు ఉండవచ్చని చెప్పారు. గుర్రం కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. అడవిలో రోజంతా గడ్డి కొరుకుతూ తిరిగే జంతువు అది. దానికి ధాన్యం దాణా ఎక్కువగా పెట్టి, గడ్డి కొన్ని పూటలకే పరిమితం చేసి, పైగా పరుగెత్తిస్తే కడుపు దెబ్బతింటుంది. పందెపు గుర్రాల్లో ఈ పుండ్లు చాలా మామూలు. మందు వాడి, దాణా తగ్గించి, రాత్రింబవళ్ళు నోటికి గడ్డి అందేలా చేశాక ఐదో వారంలో అది పట్టీ బిగిస్తుంటే కదలకుండా నిలబడింది. నొప్పిని పొగరు అనుకుని గద్దించిన ఆ మూడు వారాలు ఇప్పటికీ నన్ను వెంటాడుతుంటాయి.

ఇక ఊరేగింపు గుర్రం. మార్వాడీ అనే రాజస్థాన్ జాతి గుర్రమని చెప్పి అమ్ముతారు. లోపలికి వంగిన చెవి కొసలు కనిపిస్తే ఆ రక్తం కొంతైనా ఉందని అనుకోవచ్చు, మిగతాది సంకరం. దీనికి మంచి గుణాలు చాలా ఉన్నాయి. మన మే నెల ఎండను రేసు గుర్రం కన్నా బాగా తట్టుకుంటుంది. గిట్టలు గట్టివి. లారీలు, పిల్లలు, బ్యాండు మేళం, డీజే అన్నీ చూసి ఉంటుంది. ఎత్తు కూడా తక్కువ. రేసు గుర్రం భుజం దగ్గర ఐదడుగుల పైన ఉంటుంది, పదేళ్ళ పిల్లకు అంత ఎత్తు నుంచి పడటం చిన్న విషయం కాదు.

అయితే దాని నెమ్మదిలో రెండు రకాలున్నాయి. మొదటి రకం గుర్రం టపాసు పేలితే ఒక చెవి తిప్పి, విని, మళ్ళీ గడ్డిలో మూతి పెడుతుంది. అది నిజంగా నెమ్మదైన గుర్రం. రెండో రకం టపాసుకు చెవి కూడా కదపదు, ఈగ వాలినా చర్మం అదిరించదు, చూపు ఎక్కడా నిలవదు. ఏం చేసినా తప్పించుకోలేనని తెలిసి లోపలికి ముడుచుకుపోయిన జంతువు అది. నోరు తెరిచి చూస్తే కారణం దొరుకుతుంది. ముళ్ళ కళ్ళెం వాడకూడదని జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపే 1965 నాటి నియమాలు స్పష్టంగా చెబుతున్నా, ఊరేగింపుల్లో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది. అలాంటి గుర్రానికి కడుపునిండా మేత, విశ్రాంతి దొరికాక రెండు మూడు నెలల్లో ప్రాణం లేచి వస్తుంది. దాంతోపాటు బెదురూ లేస్తుంది. మోసపోయామని కొన్నవాళ్ళు తిట్టుకునేది అప్పుడే. మోసం ఏమీ లేదు, అసలు గుర్రం అప్పుడు బయటపడింది, అంతే.

అందుకే ఏ గుర్రాన్ని చూడటానికి వెళ్ళినా బెదిరిందా లేదా అని నేను లెక్కపెట్టను. బెదిరాక ఎంతసేపటికి తేరుకుందో చూస్తాను. పది అడుగుల దూరంలో గొడుగు తెరవండి. ఎగిరి పక్కకు జరిగి, నిలబడి, తల దించి, ముక్కుతో బుస్సుమని గాలి వదిలి రెండు నిమిషాల్లో గొడుగు దగ్గరకు వస్తే ఆ గుర్రంతో బతకవచ్చు. పావుగంట తర్వాత కూడా తల ఎత్తి కళ్ళ తెల్లగుడ్డు చూపిస్తుంటే అనుభవం ఉన్న మనిషి కావాలి. అసలు కదలకపోతే నోరు, వీపు, పళ్ళు పరీక్ష చేయించందే డబ్బు ఇవ్వవద్దు. తోడు గుర్రాన్ని దూరంగా తీసుకెళ్ళమని కూడా అడగండి; ఒంటరితనం దానికి ఎంత కష్టమో అక్కడే తెలుస్తుంది. రేసు గుర్రమైతే ఒంట్లో పెట్టిన గుర్తింపు చిప్, పాస్‌పోర్టు అనే గుర్తింపు పుస్తకం చూడండి. వయసు గురించి అమ్మేవాడి మాట మీద ఆధారపడనక్కర లేదు.

మన పరిసరాల సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి మీద గాలికి లేచే నీలం పట్టా, ఉన్నట్టుండి ఆన్ అయ్యే మోటారు, ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలతో పోయే లారీ: మైదానం తప్ప లోకం చూడని రేసు గుర్రానికి ఇవన్నీ ఒకేసారి ఎదురవుతాయి. మేత దగ్గర మరో చిక్కుంది. పాడి రైతులు వేసే సూపర్ నేపియర్ గడ్డిలో ఆక్సలేట్లు అనే పదార్థాలు ఎక్కువ. అవి కాల్షియాన్ని ఎముకలకు అందనివ్వవు. బర్రెకు సరిపోయిన మేత గుర్రానికి సరిపోతుందనుకోవద్దు. పచ్చి జొన్న అసలు మేపవద్దు. ఉలవ గుగ్గిళ్ళు కొద్దిగా పెట్టవచ్చు గానీ కడుపు నింపాల్సింది గడ్డే. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. కొన్న ధర కన్నా ఈ ఖర్చే పెద్దది. అనుమానం వస్తే మామునూరులో పశువైద్య కళాశాల ఉండటం మన అదృష్టం.

ఏది మేలని నన్ను అడిగితే, నా మట్టుకు నాకు రేసు గుర్రమే. అది మనిషిని గమనించే తీరు, ఒకసారి అర్థమయ్యాక చూపే చురుకు మరే గుర్రంలోనూ నేను చూడలేదు. అయితే మైదానం నుంచి నేరుగా వచ్చినదాన్ని మళ్ళీ తీసుకోను. కనీసం ఏడాది పాటు పచ్చికలో తిరిగి, ఎవరో ఓపికగా నిలబడటం, నడవటం, ఒంటరిగా వెళ్ళడం నేర్పినదైతే ధర రెండింతలైనా ఇస్తాను. మేనల్లుడికి ఆ ఏడాది ఓపిక లేదు, తోటలో రెండో గుర్రమూ లేదు. వాడికి, ముఖ్యంగా ఆ పిల్లకు, ఊరేగింపు గుర్రమే మేలని చెప్పాను. ఒక్క షరతు పెట్టాను: మూడు నెలలు ఎవరూ ఎక్కకూడదు.

ఉగాదికి దాన్ని తెచ్చుకున్నారు. పెదవి మూలల్లో పాత పుండ్ల మచ్చలున్నాయి. తోడుకు రెండు మేకలను కట్టారు. పిల్ల రోజూ బడి నుంచి వచ్చాక జూలు దువ్వుతోంది. మొన్న వెళ్ళేసరికి గేటు చప్పుడుకు దాని చెవులు రెండూ మా వైపు తిరిగాయి, వెనుక నుంచి ట్రాక్టరు రాగానే పక్కకు గెంతింది కూడా. మేనల్లుడు కంగారుపడ్డాడు. నేను గడియారం చూశాను: అర నిమిషంలో మళ్ళీ గడ్డి కొరకసాగింది. దసరా దాకా ఆగి, ముళ్ళు లేని మెత్తని కళ్ళెంతో మొదలుపెట్టమన్నాను.